ఫైలమ్మ మళ్ళీ ఎందుకొచ్చింది

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. తాళాలాయన్ని ఏడు నెలలు జైల్లో పెట్టించింది ఫైలమ్మేనట. ఆవిడ పోలీసుల మనిషట. ఫైలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కూపీ లాగుతుందట. ఆవిడ గడప తొక్కిన ఇంట్లో ఎవరో ఒకరు లోపలికి పోవడం ఖాయమట. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకి ఈ కథ చెప్పేది మా ఇస్త్రీ అతను. బట్టలతో పాటు మాటల్ని కూడా మడతపెట్టి ఇవ్వడం అతనికి అలవాటు. మొన్న ఆవిడ వేరే పని మీద మా వీధికి వస్తే మూడిళ్ళవాళ్ళు మొహం మీదే తలుపులేశారు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే నా ఐదో తరగతి చదువునంతా కూడగట్టుకుని ఇది రాస్తున్నాను. తాళాలాయన అన్నాళ్ళు లోపల ఉండిపోవడానికి కారణం ఎవరో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ కారణం నేనే.

తాళాలాయన పద్నాలుగేళ్ళుగా మా వెనకగదిలో అద్దెకుంటున్నాడు. పెళ్ళాం పోయింది, వెనకాముందూ ఎవరూ లేరు. బజార్లో చెప్పులు కుట్టే అతని పక్కన ఒక బల్ల వేసుకుని మారు తాళంచెవులు కోసిస్తాడు. ఎవరైనా తాళంచెవి పోగొట్టుకుని పిలిస్తే, గదిలో దాచుకున్న రేకుపెట్టె తీసుకుని ఇంటికి వెళ్ళి తలుపు తెరిచి పెడతాడు. ఆ పనిలో ఆయనకొక పట్టింపు ఉంది. పిలిచిన మనిషి ముందుగా నోటుబుక్కులో పేరు, ఇంటి నంబరు రాసి సంతకం పెట్టాలి. పక్కింటివాళ్ళెవరైనా వచ్చి, ఈ మనిషి ఈ ఇంటివాడేనని దాని కింద ఇంకో సంతకం పెట్టాలి. అప్పుడుగాని పెట్టె మూత తీయడు.

ఒకసారి మా బీరువా తాళం బిగుసుకుపోతే నా చేతికీ ఆ పుస్తకం ఇచ్చాడు.

"నా ఇంట్లో ఉంటూ, నా బీరువాకి నన్నే సంతకం అడుగుతావా?" అన్నాను.

"ఇల్లు మీదే, బీరువా మీదే అక్కయ్యా. ఆ సంగతి పాపం పుస్తకానికి తెలియదుగా!" అన్నాడు.

సాక్షి సంతకం మా ఆయన పెట్టాడు. "ఈవిడెవరో నేనెరగను" అని రాస్తానని కాసేపు బెదిరించి మరీ పెట్టాడు.

కిందటి ఎండాకాలం ఒకతను పిలిస్తే వెళ్ళి, తాళాలాయన ఒక ఇంటి తలుపు తీశాడు. పిలిచినవాడు ఆ ఇంటాయన తోడల్లుడు. వారం తర్వాత ఇంటివాళ్ళు ఊరినుంచి వచ్చి చూసుకుంటే వెండి సామాను లేదు. తోడల్లుడు ఎటో ఉడాయించాడు. సంతకం పెట్టిన పక్కింటాయన పోలీసుల్ని చూడగానే, నాకేం తెలియదు పొమ్మన్నాడు. దొరికింది తాళాలాయన ఒక్కడే. బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తీసుకుపోయారు. చెప్పులతను పరుగున వచ్చి నాకు చెప్పాడు.

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. పనిచేయకపోయినా బాగుండేది. పోలీసులు గదికొస్తారు, పెట్టెలో ఆ కడ్డీలూ కొక్కేలూ చూస్తారు, దొంగ పనిముట్లని రాసుకుంటారు, ఇక మనిషి బయటికి రాడు అనుకున్నాను. పెట్టెను మా అటక మీద పాత పరుపుల కింద తోశాను. గదికి నా తాళం వేసి, తలుపుకి అడ్డంగా విరిగిన మంచం ఆనించాను. ఆ తర్వాత వీధిలో ఇంటింటికీ వెళ్ళి పాఠం చెప్పాను. ఫైలు పట్టుకుని ఎవరొచ్చి అడిగినా ఒకటే మాట: "అలాంటి మనిషి ఈ వీధిలో లేడు, ఎప్పుడూ లేడు."

ముందు కానిస్టేబులు వచ్చాడు. తర్వాత రెండు నెలలకు కోర్టు జవాను వచ్చాడు. ఇద్దరికీ మంచి టీ ఇచ్చి, ఇదే మాట చెప్పి పంపాను. టైలరు భార్య చెప్పింది, మూలింటి టీచరమ్మ చెప్పింది, ఇస్త్రీ అతనూ చెప్పాడు. ఒక్కరూ తడబడలేదు. మా వీధి కట్టు చూసి నాకు ఎంత గర్వంగా ఉండేదో! జైలుకి వెళ్ళి చూద్దామంటే సొంతవాళ్ళని తప్ప రానివ్వరని ఎవరో అన్నారు. ఆయన ఇంకో దెబ్బ తినకుండా మనం కాపాడుతున్నాం కదా అని సరిపెట్టుకున్నాను.

ఏడో నెలలో వచ్చింది ఆవిడ. నలభై దాటిన మనిషి. బూడిదరంగు గొడుగు, దారంతో కట్టిన ఫైలు, ఒక చెప్పుకి మాత్రం కొత్త పట్టీ. కోర్టు తరఫున వచ్చిన సోషల్ వర్కర్నని చెప్పింది. నేను నా పాఠం అప్పజెప్పాను. ఆవిడ రాసుకుని, రాసింది నాకు పైకి చదివి వినిపించింది.

"'అలాంటి మనిషి ఈ వీధిలో లేడు, ఎప్పుడూ లేడు.' ఇంతేనా పెద్దమ్మా, నేనేమైనా తప్పు రాశానా?"

"తప్పేం లేదు, ముత్యాల్లా రాశావు" అన్నాను.

తర్వాత మిగతా ఇళ్ళలోనూ అడిగి వెళ్ళిపోయింది. ఆవిడ మలుపు తిరగకముందే మావాళ్ళు ఫైలమ్మ అని పేరు పెట్టేశారు.

ఐదు రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. మంచినీళ్ళు అడిగి మా మెట్టు మీద కూర్చుంది. కుర్చీ వేస్తానంటే, "మీరు నిలబడి నేను కుర్చీలో కూర్చుంటే ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది" అని నవ్వింది. నాకో జబ్బుంది. ఎదుటి మనిషి సంగతేమిటో తెలియకపోతే తిన్నది అరగదు. నీళ్ళగ్లాసు ఇచ్చి పక్కనే కూర్చున్నాను.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మాయ్?"

"కరెంటు మీటర్లు చూస్తారు పెద్దమ్మా. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగేవాళ్ళమే. ఆయన్ని చూసి కుక్కలు మొరుగుతాయి, నన్ను చూసి మనుషులు తలుపులేసుకుంటారు."

"పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయి, తొమ్మిదో తరగతి. ఇంట్లో అత్తగారున్నారు. మీలాగే, వచ్చినవాళ్ళ మూడు తరాల సంగతీ లాగేదాకా వదలరు."

వాళ్ళమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేదట. ఆ ఉతికే గది మూలన కూర్చుని చదువుకుందట. మొదటి ఉద్యోగం ఇల్లు వదిలొచ్చిన ఆడపిల్లల్ని చూసుకునే హాస్టల్లో. ఇప్పుడు పదకొండేళ్ళుగా మంగళవారం, శుక్రవారం జైల్లో, మిగతా రోజులు రోడ్ల మీద.

"జైల్లో నీకేం పని తల్లీ?"

"లోపలున్నవాళ్ళకి బయట ఎవరున్నారో కనుక్కుంటాను. జడ్జిగారి దగ్గరికి కాగితాలు వెళ్తాయి కాని మనుషులు వెళ్ళరు కదా."

"అసలు ఎవరూ లేనివాళ్ళయితే?"

"చాలామందికి ఉంటారు పెద్దమ్మా. కాగితం మీదే ఉండరు."

అడిగినవన్నీ చెప్పింది. తను మాత్రం ఒక్కటీ అడగలేదు. నా కన్ను ఫైలు మీదికి పోయింది. ఆవిడ అది కనిపెట్టింది.

"చదువుతారా?"

"ఐదు దాకా చదివాను. కూడబలుక్కుని లాగిస్తాను."

ఆవిడ దారం విప్పి ఫైలుని నా వైపు తిప్పింది. "మీకు చూపించమని లోపలున్న ఆయనే సంతకం పెట్టి ఇచ్చాడు" అంది. ఇన్నేళ్ళలో మా వీధికి ఎన్నో ఫైళ్ళొచ్చాయి. మావైపు తిప్పినవాళ్ళు మాత్రం లేరు.

అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివాను. ఒక కాగితం మీద నా మాట. రెండో కాగితం మీదా నా మాటే. వాటి కింద వేరే చేతిరాతలో ఇలా ఉంది: "ఖైదీ తప్పుడు చిరునామా ఇచ్చాడు. ఇతని మాట నమ్మదగినది కాదు. బెయిలు ఇవ్వడం లేదు." చివర్లో పెన్సిలుతో రాసిన ఒక కాగితం. ఆ వాలు అక్షరాలు నాకు తెలుసు. "నా పుస్తకం నా పెట్టెలో ఉంది. పెట్టె నా గదిలో ఉంది. గది అక్కయ్య ఇంటి వెనక ఉంది. వెళ్ళి అక్కయ్యని అడగండి."

ఏడు నెలలుగా ఆ మనిషి అక్కయ్యని అడగండి, అక్కయ్యని అడగండి అంటున్నాడు. అడిగిన ప్రతిసారీ నేను లేడంటున్నాను.

"గురువారం వాయిదా" అంది ఫైలమ్మ మెల్లగా. "అప్పటికి కూడా చిరునామా దొరక్కపోతే విచారణ ముగిసేదాకా లోపలే. ఏడాది కావచ్చు, రెండేళ్ళు కావచ్చు."

"ఏమండీ! స్టూలు తీసుకురండి!" అని నేను పెట్టిన కేకకి మా ఆయన చదువుతున్న పేపరుతో సహా పరుగెత్తుకొచ్చాడు.

అటక మీదనుంచి పెట్టె దిగింది. నోటుబుక్కు అడుగున, నూనెగుడ్డలో చుట్టి ఉంది. ఎండాకాలం పేజీలో ఆ ఇంటి నంబరు, తోడల్లుడి సంతకం, దాని కింద పక్కింటాయన సంతకం చక్కగా ఉన్నాయి. ఆయన్ని కాపాడాలని మేం దాచింది ఆయన్ని కాపాడే పుస్తకాన్నే. ఫైలమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"మీరే పట్టుకురండి పెద్దమ్మా. మీరే చెప్పండి."

"అబద్ధమాడానని నన్ను లోపలేస్తే?"

"ఏడు నెలలు వేస్తే చాలు, వీధి కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు మా ఆయన.

ఫైలమ్మ మాత్రం నవ్వలేదు. "వేయరని నేను చెప్పలేను. కోప్పడతారు. నేను మీ పక్కనే ఉంటాను" అంది. ఉన్న మాట చెప్పింది కాబట్టే వెళ్ళగలిగాను.

గురువారం పుస్తకం ఒక్కటే తెమ్మంది. ఒట్టి పుస్తకమైతే నమ్మరేమోనని నేను పెట్టెతో సహా వెళ్ళాను. కోర్టు గేటు దగ్గర గార్డు మూత తీసి, ఒక కడ్డీ పైకెత్తి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంటమ్మా ఇవి?"

"తాళాలు తీసేవి నాయనా."

"వీటితో కోర్టులోకి వెళ్తావా? ఎవర్ని విడిపించడానికి?"

"మా తాళాలాయన్ని" అన్నాను. ఉన్న మాటే కదా! ఫైలమ్మ గొడుగు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పావుగంట బతిమాలి, పెట్టెకి చీటీ రాయించి గార్డు బల్ల కింద పెట్టించి, పుస్తకంతో నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

తాళాలాయన ఒక పక్కన నిలబడి ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి, బజార్లో ఎదురుపడినట్టే, "వచ్చారా అక్కయ్యా" అన్నాడు. జడ్జిగారు అది విన్నారు. నోటుబుక్కు తిరగేసి చూసి కళ్ళద్దాలు తీశారు.

"ఇద్దరు మనుషుల్ని పంపితే లేడన్నారు. అప్పుడెందుకు అబద్ధం చెప్పారు?"

"వాళ్ళు తీసుకుపోవడానికి వచ్చారనుకున్నాం బాబూ. తీసుకురావడానికి కూడా మనుషులొస్తారని మాకు తెలియదు."

బాగానే కోప్పడ్డారు. కోర్టుకి అబద్ధం చెబితే ఎవరికి నష్టమో ఇప్పుడు అర్థమైందా అన్నారు. నా జన్మలో ఒక తిట్టుకి అంత హాయిగా తలూపింది లేదు. బెయిలు ఇచ్చారు. పుస్తకం కోర్టు దగ్గర ఉంచుకున్నారు.

శనివారం పొద్దున్న పదింటికి ఫైలమ్మ ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. వీధంతా బయటే ఉంది. మంచం పక్కకి లాగి చూసుకుంటే, గది తాళంచెవి నేనెక్కడ పెట్టానో నాకే గుర్తులేదు. ఎవరూ చూడని చోట పెట్టాలని మరీ గట్టిగా దాచాను. గార్డు దగ్గర్నుంచి నేను తిరిగి తెచ్చిన పెట్టెని తాళాలాయన తెరిచాడు, ఆగాడు.

"సంతకం పెట్టండి అక్కయ్యా. తాళం మీది కదా."

"గది నీది కదరా!"

"అందుకే. సాక్షి కూడా కావాలి."

పుస్తకం కోర్టులో ఉంది. ఫైలమ్మ తన ఫైల్లోంచి ఒక తెల్లకాగితం ఇచ్చింది. నేను సంతకం పెట్టాను. సాక్షిగా ఇస్త్రీ అతన్ని ముందుకు తోశారు. "ఈయన ఈ గదిలోనే ఉంటాడు, ఎప్పటినుంచో ఉన్నాడు" అని అతని చేతే రాయించాను. అప్పుడు గాని కడ్డీ తాళంలోకి వెళ్ళలేదు. టక్కుమని తాళం ఊడింది.

తర్వాత ఆ సంతకాల్ని పట్టుకుని పోలీసులు తోడల్లుణ్ణి వెతికి పట్టుకున్నారు. తాళాలాయన పేరు కేసులోంచి తీసేశారు. ఫైలమ్మ అక్కడితో ఊరుకోలేదు. చిరునామాలో లేరని రాసి లోపలే ఉంచేసినవాళ్ళ పేర్లన్నీ ఏరితే ముప్పయ్యొక్కరు తేలారు. ఆ జాబితా పట్టుకుని జడ్జిగారి గది ముందు ఎన్ని పొద్దులు నిలబడిందో! ఇప్పుడు లేడు అని ఒక్కమాట రాస్తే ఆ కోర్టు ఒప్పుకోదు. ఎవర్ని అడిగారో, వాళ్ళు ఏమన్నారో రాయాలి. ఇంకోసారి ఆవిడలాంటివాళ్ళు వెళ్ళి చూడాలి. ముప్పయ్యొక్కరిలో పంతొమ్మిదిమందికి ఇళ్ళు దొరికాయి. మిగతావాళ్ళ కోసమే మొన్న మా వీధికి వచ్చింది. మనం తలుపులేసింది అలాంటివాళ్ళ మొహాల మీద.

ఆ రోజు ఆవిణ్ణి లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ముల్లులా ఉన్న ప్రశ్న సూటిగా అడిగేశాను.

"వీధి వీధంతా అంత గట్టిగా లేడని చెప్పాం కదమ్మాయ్. మాట నమ్మి ఫైలు మూసేయక మళ్ళీ ఎందుకొచ్చావు?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"నిజంగా తెలియనివాళ్ళు 'ఏమో' అంటారు పెద్దమ్మా, 'పక్కింట్లో అడుగు' అంటారు. మీ వీధిలో అడిగిన ప్రతి ఇంట్లోనూ 'ఎప్పుడూ లేడు' అన్నారు. లేనివాడి గురించి ఎవరూ అంత గట్టిగా చెప్పరు. ఇంతమంది కలిసి దాచుకున్న మనిషికి బయట ఎవరూ లేరని నేనెలా రాసేది?"