పొయ్యి మీద ఉప్పు

అరకులో సంత జరిగే మైదానం పక్కన, కొండల్లోంచి పారే గెడ్డ ఒడ్డున మా కొట్టు ఉండేది. ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయలు, పొగాకు అమ్మేవాళ్ళం. "పులులుండేవి కదా, చలిజ్వరాలు కదా, భయం వేసేది కాదా?" అని మనవలు ఇప్పటికీ అడుగుతారు. పులి మా వైపు రాలేదు. జ్వరం వచ్చింది, పోయింది. నాకు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒకటే భయం, మా తోడికోడలు.

కొండ కింద, పల్లపు ఊళ్ళో మా బావగారికి పెద్ద కొట్టు ఉండేది. అందులో మా ఆయన తూకాలు తూచేవారు. వంటింట్లో మూలనున్న పీట మీద కూర్చుని నేను ఇంటిల్లిపాదికీ కూరలు తరిగేదాన్ని. పదేళ్ళు తరిగాను. సొంత కొట్టు పెట్టుకుందామని కొండెక్కిన రోజున మా తోడికోడలు ఆ పీట చేత్తో పట్టుకుని మరీ గుమ్మంలోకి వచ్చింది.

"ఎల్లి రండమ్మా. రెండు తుపానులొత్తే మీరే దిగొత్తారు. నీ పీట ఎవులికీ ఇవ్వన్లే, అలాగే ఉంచుతాను," అంది.

కొట్టు నిలిస్తే మా బతుకు మాది. పోతే మళ్ళీ ఆ పీట.

మొదటి ఏడే గెడ్డ పొంగి కొట్టులోకి వచ్చేసింది. నీళ్ళు తీశాక చూస్తే బస్తాలున్నాయి, ఉప్పు లేదు. అంతా నేలలోకి ఇంకిపోయింది. ఆ రుచి ఎలా తెలిసిందో ఏమో, నెల రోజుల పాటు చుట్టుపక్కల ఆవులన్నీ వరస కట్టి వచ్చి మా కొట్టు నేల నాకి పోయేవి. మా ఆయన కర్ర పట్టుకుని తోలేవారు.

"బేరాలు బానే వత్తన్నాయి కదండీ," అన్నాను. ఆయన ఇంకో ఆవుని అదిలించారు.

మరుసటి ఏడు గెడ్డ సంగతి తేల్చేద్దామని ఆయన వెదురుతో అటక కట్టించి సరుకంతా దాని మీదికి ఎక్కించారు. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు రమ్మనవే గెడ్డని!" అన్నారు.

గెడ్డ రాలేదు. గాలి వచ్చింది. మిట్టమధ్యాహ్నం కప్పు మీది రేకులు లేచిపోయాయి. వాటిలో ఒకటి నాలుగు రోజుల తర్వాత ఎవరి పసుపు చేలోనో దొరికింది. వాన నేరుగా అటక మీద పడింది. మేమేమో నీళ్ళు తగలకుండా ఆ అటక కిందే కూర్చున్నాం. ఉప్పూ బెల్లమూ కలిసి కరిగి వెదురు సందుల్లోంచి మా నెత్తి మీద కారాయి. మా ఆయన పెదవి మీద పడ్డ చుక్కని చప్పరించి, కాసేపు ఆలోచించి, "బెల్లం మంచి సరుకేనే," అన్నారు.

నవ్వుకున్నాం గానీ, ఆ వారమే ఆయన అన్నగారికి ఉత్తరం రాశారు. ఇంకొక్కసారి సరుకు పోతే కొట్టు మూసేసి దిగి వస్తామని. జవాబు వచ్చింది. బావగారి రాత కింద మా తోడికోడలు చెప్పి రాయించిన మాట ఒకటుంది: పీట కడిగి ఎండబెట్టాను.

ఆ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని నేను మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే పై ఊరి అవ్వ వచ్చింది. చింతపండు, పసుపు కొమ్ములు గంపలో పెట్టుకుని సంతకు దిగే కొండ మనిషి. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మా మెట్టు మీద కాసేపు కూర్చుని చుట్ట కాల్చుకునేది.

"ఏటి సావుకారమ్మా, ఏటైంది?" అంది. చెప్పాను. విని పడీ పడీ నవ్వింది.

"నీటికి బయపడి పైనెట్టినారు. గాలికి బయపడి ఇప్పుడు కిందెడతారా? మా ఇత్తనాలు సూడు. సోడిత్తనాలు మా పొయ్యి మీద ఆనపకాయ బుర్రలో కొన్ని, మా కూతురింట కొన్ని, మా తమ్ముడింట కొన్ని. నా ఇల్లు పోతే కూతురింట ఉంతాయి. దాని ఇల్లు పోతే తమ్ముడింట ఉంతాయి. ముగ్గురమూ ఒక్కపాలే పోయినామంటే, ఇంక ఇత్తనాలెవులిక్కావాల?"

నా ఏడుపు ఆగిపోయింది. "మా ఉప్పు కూడా ఎట్టుకుంటావేటి అవ్వా?" అన్నాను.

"ఇంటికో పొగాకు కట్ట ఇయ్యి. అయిదిళ్ళలో ఎట్టిత్తాను."

ఇంట్లో చెబితే మా ఆయన ఎగిరిపడ్డారు. "సరుకు తీసుకెళ్ళి కొండ మీద జల్లొచ్చేత్తావా? తాళం కప్పెక్కడుందే?"

"ఆనపకాయ బుర్రకి తాళం ఎక్కడేత్తారండీ?"

తాళం కుదరదని తేలాక ఆయనే పైకి వచ్చి, ఇంటింటికీ తిరిగి, ఎండిన ఆనపకాయ బుర్రలకూ కుండలకూ ఉప్పు నింపి, మూతులు గుడ్డతో బిగించి తాడు కట్టారు. బస్తాలకు ఆయన వేసే ముడి ఒకటుంది, ఆయన తప్ప ఎవరూ విప్పలేరు. అవన్నీ ఆ ముడులే. అవ్వ ఆ ముడుల వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. అయిదిళ్ళలోనూ మా ఉప్పుని పొయ్యి మీది అటక ఎక్కించి విత్తనాల పక్కన పెట్టారు.

ఆ ఏడు గాలీ గెడ్డా మాట్లాడుకున్నట్టు కలిసే వచ్చాయి. కప్పూ పోయింది, కిందున్న సరుకూ పోయింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి లారీలు ఆగిపోయాయి, రైలూ ఆగిపోయింది. వాన వెలిశాక మా ఆయన బురదలో గొంతుక్కూర్చుని, "దిగిపోదామే," అన్నారు.

"దారేదండీ దిగడానికి?"

"దారి పడ్డాక."

"ఎల్లుండి శుక్రవారం సంతలో కొట్టు తెరిచి ఉప్పమ్మితే?"

ఆయన చుట్టూ చూసి, ఏడ్పు నవ్వొకటి నవ్వి, "అమ్మితే ఉండిపోదాం," అన్నారు.

ఇద్దరం జారుకుంటూ కొండెక్కాం. అవ్వ ఇల్లు క్షేమంగా ఉంది. పొయ్యి మీద మా బుర్రలు పొగకు నల్లబడి, పొడిగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "దించవ్వా, బేగి!" అన్నాను.

"దించరాదే," అంది అవ్వ.

"అదేటి?"

"ఇత్తనాల పక్కనెట్టినాం గదా. ఇత్తనాల పండగ దాకా పొయ్యి మీదియి ముట్టుకోరాదు."

ఆ పండుగ చైత్రంలో. అప్పుడింకా కార్తీకం. అయిదు నెలలు! మా ఉప్పు పిడికెడైనా ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది. ఆయన వేసిన ముడులకు కాదు, విత్తనాల మీది భక్తికి.

నా మొహం చూసి అవ్వ ఊరి పూజారిని పిలిపించింది. అతను వచ్చి బుర్రల కేసి చాలాసేపు చూశాడు. "పొయ్యి ముందల కోడికి నూకలెయ్యాల. కోడి తింతే అయిదిళ్ళలోనూ దించొచ్చు. ఆ కోడిని ముడేసినోడే ఒట్టుకు రావాల," అన్నాడు.

అందరూ ఒక్కసారి మా ఆయన వైపు తిరిగారు. మేము గుడ్డు కూడా గుమ్మం దాటనివ్వని ఇంటివాళ్ళం. ఆయన జన్మలో కోడిని ముట్టుకోలేదు.

"నా బదులు మా ఆవిడ..." అని మొదలెట్టారు.

"ముడి ఆవిడేసినాదేటి?" అన్నాడు పూజారి.

మా ఆయన ఊరి చివరి ఇంట్లో కోడిని తీసుకుని, కండువాలో చుట్టి, పరాయివాళ్ళ ఏడ్చే పిల్లని మోస్తున్నట్టు దూరంగా పట్టుకుని, తల పక్కకి తిప్పుకుని వచ్చారు. పని మానుకుని ఊరంతా వెనకే వచ్చింది. పొయ్యి ముందు నూకలు పోశారు. కోడి నూకల వైపు చూడనే లేదు. ఆయన బిగపట్టిన పట్టుకి అదింకా తేరుకోలేదు.

"ఆకల్లేదేమో," అంది అవ్వ.

మా ఆయన గొంతుక్కూర్చున్నారు. చేతులు జోడించారు. "తినమ్మా. నా తల్లివి కదూ, ఒక్క గింజ. అదుగో, అటు కాదు, ఇటు. తినవే, నీకు దణ్ణం పెడతాను," అంటూ ఎవరూ చెప్పకుండానే నాలుగు నూకలు తన అరచేతిలో వేసుకుని చాపారు.

కోడి ఒక కంటితో ఆయన్ని చూసింది. రెండో కంటితోనూ చూసింది. టక్కున పొడిచింది. ఆయన కెవ్వుమన్నారు. "తినేసినాది!" అని ఊరంతా అరిచింది. తర్వాత ఆ కోడి ఏమైందో మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మేము ముడులు విప్పి ఉప్పు గంపలకెత్తుకునేసరికి మాత్రం వాళ్ళంతా మంచి హుషారుగా ఉన్నారు.

శుక్రవారం నాడు కప్పు లేని కొట్టు ముందు చాప పరిచి ఉప్పు కుప్ప పోశాను. ఇళ్ళలో ఉప్పంతా కరిగిపోయిన జనం మధ్యాహ్నానికల్లా ఊడ్చుకుపోయారు. పొగ వాసనేస్తోందని ఒక్కరూ అనలేదు. "మా ఇంటి ఉప్పునాగే ఉందే," అన్నది ఒక ముసలామె.

సాయంత్రం చాప దులుపుతూ మా ఆయన, "అన్నయ్యకి ఉత్తరం రాత్తాను, దిగట్లేదని," అన్నారు. రాశారు. అందులో తుపాను ఉంది, బుర్రలున్నాయి, ఉప్పు ఉంది. కోడి లేదు.

ఆ తర్వాత కూడా తుపాన్లు వచ్చాయి. అయిదిళ్ళు పదిళ్ళయ్యాయి, ఈసారి విత్తనాలకు దూరంగా. సరుకు తడిసిన ప్రతిసారీ ఆయనకు దిగిపోవాలని మనసు పీకేది. ఆయన నోరు విప్పబోతుంటే చాలు, నేను కాగితం, పెన్సిలు తెచ్చుకుని ఎదురుగా కూర్చునేదాన్ని.

"ఎవులికే?" అనేవారు.

"మా తోడికోడలికి."

నాకు అక్షరాలు అంతంత మాత్రమే. కానీ కోడి అని రాయడం వచ్చునని ఆయనకు తెలుసు.