చావు కబురు కింద బొటనవేలు

రాజపాళయంలో మంసాపురం బస్సెక్కి కూర్చోగానే, పక్క సీటులోని అవ్వ తన ఫోను నా చేతిలో పెట్టింది. ఆమె ఒళ్ళో చావింటికి తీసుకెళ్ళే పూలమాల ఉంది.

"నాతో కూడా చదువుకున్న గోదమ్మ మొగుడు పోయినాడని పొద్దున గ్రూపులో పెట్టినారమ్మా. చూసినాను, వస్తుండాను అని చెప్పేదానికి ఈ బొమ్మ నొక్కినాను. అది సూపర్ అని చెప్పేది గదా అవ్వా అని నా మనవరాలు తల కొట్టుకునింది. నిజమా?"

చావు కబురు కింద పచ్చటి బొటనవేలు నిటారుగా నిలబడి ఉంది.

"నిజమే అవ్వా. తీసేయనా?"

"వద్దులేమ్మా, చూసేవాళ్ళు చూసేసినారు. నేను పోయి దాని చెయ్యి పట్టుకొని కూర్చుంటే, ఎందుకు నొక్కినానో దానికి తెలియదా?"

ఫోను సంచిలో పడేసి, మాల మీద నీళ్ళు చిలకరించుకుంది. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

నా ఊరు ముందొచ్చింది, దిగిపోయాను.

ఇప్పుడు మా గ్రూపులో చావు కబురు వస్తే దండం బొమ్మలు వరసగా పడిపోతాయి. నేను ఏదీ నొక్కను. బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను.