నా దగ్గర సరిగానే పనిచేస్తోంది

ఏళ్లుగా నేను మోస్తున్న బరువు ఒక్క వాక్యం. "నా దగ్గర సరిగానే పనిచేస్తోంది." అలా రాసి, ఒక బటన్ నొక్కి, ఒక మనిషి చేసిన ఫిర్యాదును మూసేశాను. దొంగతనం కాదు, హత్య కాదు. మీరు చదివి, ఓస్ ఇంతేనా అనుకోవచ్చు. అనుకోండి. క్షమించమని అడగడానికి నేను కూర్చోలేదు. ఎవరో ఒకరికి చెప్పాలి, పేరు చెప్పకుండా చెప్పాలి, అందుకే మీకు చెబుతున్నాను.

ముందు మా సంగతి. మాది తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో సగం తెలుగు సగం తమిళం, బడిలో తమిళం. మా నాయన మేస్త్రి. గోడలు కడతాడు, పూత పూస్తాడు. కోపమొస్తే మేం తిట్టేది తెలుగులోనే, దేవుడికి మొక్కేదీ తెలుగులోనే. కానీ అప్పట్లో మా ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగిన మనిషి ఒక్కరూ లేరు. నవ్వుతున్నారా? నవ్వండి. హైదరాబాదులో కూర్చుని నవ్వడం తేలికే. ఎన్ని తరాల కిందటో ఇక్కడికొచ్చి, ఏ బడీ నేర్పకపోయినా నోట్లో భాషను పోగొట్టుకోకుండా ఉన్నాం. అది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వేలూరులో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం అప్పుడు నాది. అది అయ్యాక జీతం లేని ఇంకో పని చేసేదాన్ని. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే, ఎవరైనా విప్పి బాగుచేయగలిగే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దేశదేశాల వాళ్లు తలా కాస్త చేసి దాన్ని నిలబెడుతుంటారు. అందులో ప్రోగ్రాములన్నీ ప్యాకేజీలుగా వస్తాయి. మా ఊళ్లో అగ్గిపుల్లలను పెట్టెలో సర్ది పైన లేబుల్ అంటించినట్టే, ఒక్కో ప్రోగ్రాముకు కావలసిన ఫైళ్లు సర్ది, పేరు పెట్టి, ఎవరి కంప్యూటర్లోనైనా సరిగ్గా తెరుచుకునేలా కట్టాలి. ఆ కట్టడంలో తప్పు జరిగితే వాడేవాళ్లు ఫిర్యాదు రాస్తారు. వాటిని పరీక్షించి సరిచేయడం నా పని. బాగా చేసేదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఒకరోజు మా బృందంలో అడిగారు. మన దేశపు భాషల కీబోర్డులున్న ప్యాకేజీ ఒకటుంది, దాన్ని చూసుకోవడానికి తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నా మాతృభాష తెలుగు అన్నాను. అబద్ధమా? కాదు. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అప్పటికి నేను బృందంలో పూర్తి సభ్యత్వం కోసం కాచుకుని ఉన్నాను. అది వస్తే ఎవరి అనుమతీ లేకుండా నా చేత్తోనే ప్యాకేజీలు విడుదల చేయవచ్చు, ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లైనా నా పని మీద నమ్మకంతో వాటిని వాడుకుంటారు. మేస్త్రి కూతురికి అదెంత పెద్ద సంగతో నాకు తెలుసు. నాకు రాదు అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

విడుదలకు ముందు పరీక్షించాను. తెలుగు కీబోర్డు ఎంచుకుని, అమ్మ అని వచ్చేలా మీటలు నొక్కాను. గుండ్రటి అక్షరాలు వచ్చాయి. తెలుగు గుండ్రంగా ఉంటుందని నాకు తెలుసు. సరిగ్గా ఉందని రాసి పంపాను.

తర్వాత కొన్ని వారాలకు ఆ ఫిర్యాదు వచ్చింది. తడబడే ఇంగ్లీషు, కానీ మర్యాదైన ఇంగ్లీషు. తెలుగు కీబోర్డు ఎంచుకుంటే వేరే లిపి వస్తోంది, బడిపిల్లలకు పాఠాలు అచ్చు తీయాలి, దయచేసి త్వరగా చూడండి. పక్కపక్కన రెండు ఫొటోలు కూడా పెట్టారు. ఒకటి కంప్యూటర్ తెర, ఇంకొకటి సుద్దముక్కతో ఏదో రాసిన నల్లబల్ల. చివర ఊరి పేరు. గుడియాత్తం.

మా ఊరు. మళ్లీ మీటలు నొక్కి చూశాను. మళ్లీ అవే గుండ్రటి అక్షరాలు. రెండు ఫొటోల్లోని అక్షరాలకూ ఏదో తేడా ఉన్నట్టే అనిపించింది. చేతిరాతకూ అచ్చుకూ ఉండే తేడాలే అని సర్దిచెప్పుకున్నాను. ఎవరినైనా అడిగి ఉండవచ్చు. అడిగితే నాకు చదవడం రాదని బయటపడుతుంది. ఆ వాక్యం రాశాను. వాడే పద్ధతిలో పొరపాటు ఉండవచ్చని ఇంకో మాట కూడా జోడించాను. మూసేశాను.

ఇక్కడితో ఆగి ఉంటే తెలియక చేసిన తప్పని నన్ను నేను వదిలేసేదాన్నేమో. ఆగలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం ఊరికి వెళ్లాను. నాయన ఒక బడిలో గోడకు పూత పని చేస్తున్నాడు. నన్ను అక్కడికి రమ్మన్నాడు. ఆ బడిలో ఒక్క తెలుగు తరగతి మిగిలి ఉండేది. దాన్ని చూసుకునే సరోజ టీచర్ ఆ రోజు కూడా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. తెలుగు పుస్తకాలు సరిగ్గా రావడం లేదు కాబట్టి పాఠాలు మీరే తయారు చేసుకోగలిగితే తరగతి ఉంటుంది, లేకపోతే వేసవి సెలవుల తర్వాత పిల్లలందరూ తమిళ తరగతిలోకి పోతారని బడి నడిపే కరస్పాండెంట్ ఆమెకు చెప్పి ఉన్నాడట.

"మా బిడ్డ వేలూర్లో కంప్యూటర్ పనే చేస్తాది టీచర్. దానికి తెలియంది లేదు," అన్నాడు నాయన, చేతుల నిండా సిమెంటుతో.

"రామ్మా, కూర్చో," అన్నారు టీచర్. "నేను యాడ తప్పు చేస్తా ఉండానో చెప్పు. దీన్ని చేసినోళ్లకు రాస్తిని. మాకాడ బాగానే ఉండాది, నువ్వే సరిగ్గా వాడలేదు అన్నట్ట రాసేసినారు. కరస్పాండెంట్ సార్ అది చదివి, టీచర్‌కే మిషన్ తెలియదు అంటాడు."

ఆమె మీట నొక్కారు. తెర మీద ఒక అక్షరం వచ్చింది. లేచి నల్లబల్ల మీద ఇంకో అక్షరం రాశారు.

"ఇది మన 'క'. తల మీద టిక్ కొట్టినట్ట తలకట్టు ఉండాది, చూడు. ఆ తెర మీద ఉండేదానికి అడ్డగీత ఉండాది. అది కన్నడం అమ్మా. నీకు చదవడం వస్తాది గదా, నువ్వే చెప్పు."

"ఆమా టీచర్," అని తలూపాను.

ఆ క్షణంలోనే నాకంతా అర్థమైంది. ప్యాకేజీ కట్టేటప్పుడు తెలుగు ఫైలు ఉండవలసిన చోట కన్నడ ఫైలు పడింది. లేబుల్ మీద తెలుగు, లోపల కన్నడం. సరైన ఫైలు తెచ్చి ఆ ఒక్క కంప్యూటర్లో పెట్టడం నాకు చిటికెలో పని. పెడితే ఏమైందో చెప్పాలి. ఆ జవాబు రాసింది ఎవరో చెప్పాలి. పక్కన నాయన నిలబడి ఉన్నాడు.

"మిషన్ పాతది టీచర్. అందుకే అట్ల వస్తా ఉండాది," అన్నాను.

"సరి అమ్మా," అన్నారు ఆమె. నల్లబల్ల మీది అక్షరాన్ని తుడిచేశారు.

వేలూరుకు వెళ్లి ప్యాకేజీని సరిచేశాను. ఏం మార్చానో రాయవలసిన చోట ఫైళ్ల సర్దుబాటు అని రాశాను. టీచర్ ఫిర్యాదును తిరిగి తెరవలేదు. తప్పు ఆమెదేనన్నట్టు అది అలాగే ఉండిపోయింది. నేను సరిచేసినది తర్వాతి విడుదలతో అందరికీ చేరేసరికి వేసవి సెలవులు అయిపోయాయి, ఆ బడిలో తెలుగు తరగతి లేదు. పిల్లలు తమిళ తరగతిలో కూర్చున్నారు. నాకు పూర్తి సభ్యత్వం వచ్చింది. దాన్ని చూపించి అంతకంటే మంచి ఉద్యోగమూ సంపాదించాను.

తప్పంతా నాదేనా? ఫైలు తారుమారు చేసి కట్టింది నేను కాదు, బృందంలో ఇంకెవరో. మాతృభాష అన్న ఒక్క మాటకే పని నా చేతిలో పెట్టింది ఆ బృందం. తరగతి ఎత్తేయడానికి కరస్పాండెంట్ సాకు వెతుకుతూనే ఉన్నాడు. నాకు చదువు చెప్పిన బడి నా భాష అక్షరాలు నేర్పలేదు. ఇవన్నీ నిజాలే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. గుడియాత్తం బస్సులో కూర్చున్న ప్రతిసారీ ఈ వాదన నాతో నేనే చేసుకుంటాను. ప్రతిసారీ గెలుస్తాను. గెలిచి బస్సు దిగాక ఆ బడి ఉన్న వీధి తప్పించి చుట్టు తిరిగి ఇంటికి పోతాను. గెలిచిన మనిషి అలా ఎందుకు నడుస్తుంది?

తర్వాత అక్షరాలు నేర్చుకున్నాను. చిత్తూరులో పిల్లల వాచకం కొని, ఆంధ్రా బస్సుల బోర్డులు కూడబలుక్కుని, ఎవరికీ చెప్పకుండా నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది కొడుతున్నది కూడా ఆ కీబోర్డుతోనే. కాస్త చదవడం వచ్చాక ఆ పాత ఫిర్యాదు తీసి, నల్లబల్ల ఫొటో పెద్దది చేసి చూశాను. అందులో పాఠం ఉంటుందనుకున్నాను. పాఠం కాదు. సుద్దముక్కతో గుండ్రంగా, ఒత్తులతో సహా, ఇలా ఉంది:

"ఇది చదవగలిగితే, పక్కనున్నది తెలుగు కాదని మీకే తెలుస్తుంది."

నన్నే అడిగారు. ఫిర్యాదు ఎవరి చేతిలో పడుతుందో తెలియకుండానే, నన్నే అడిగారు.

సరోజ టీచర్ పేర్ణాంబట్టులో చెల్లెలి ఇంట్లో ఉన్నారని నాయన అన్నాడు. ఈ మధ్య కూడా నా గురించి అడిగారట. నేను పోలేదు. పోతానని మీకు మాట ఇవ్వను. కాళ్ల మీద పడితే ఆమె లేవదీసి, పోనీలే అమ్మా అంటారు. ఆ పోనీలే నాకు వద్దు.

నిన్న మాత్రం ఆ ఫిర్యాదును తిరిగి తెరిచాను. నేను రాసిన జవాబు అబద్ధమని, అప్పుడు నాకు తెలుగు చదవడం రాదని, ఫిర్యాదు చేసినవారు చెప్పింది మొదటి నుంచీ నిజమని, నా సొంత పేరుతోనే ఇంగ్లీషులో రాశాను. ఎప్పుడో సరైపోయిన దాన్ని ఇప్పుడెందుకు కెలుకుతున్నావని బృందంలో ఒకాయన అడిగాడు. నల్లబల్ల ఫొటో కింద తెలుగులో ఇంకో రెండు మాటలు కొట్టాను. ఆయన చదవలేడు. టీచర్ చూస్తారో లేదో తెలియదు.

"చదివాను టీచర్. అది తెలుగు కాదు."