తాళం వేసిన ఇంట్లో వీణ

బి.ఏ.లో నేను తీసుకున్నవి చరిత్ర, తెలుగు, సంగీతం. చరిత్ర ఉర్దూలో చెప్పేవారు కాబట్టి సగమే అర్థమయ్యేది. తెలుగు పూర్తిగా అర్థమయ్యేది కాబట్టి చదివేదాన్ని కాదు. మిగిలింది వీణ. డిగ్రీలో వీణేమిటని రైల్వే గుమాస్తా అయిన మా నాన్నకు అనుమానం. చేరేటప్పుడే షరతు పెట్టాడు: మొదటి ఏడాది వాయింపు పరీక్షలో తప్పితే సంగీతం మానేసి ఎకనామిక్స్‌లో చేరాలి. లెక్కలంటే నాకెంత భయమంటే, శ్రుతి తప్పినా ఫరవాలేదు, పరీక్ష మాత్రం తప్పకూడదనుకున్నాను.

ఆ ఏడాది రజాకార్ల భయం మా మారేడ్‌పల్లి దాకా వచ్చింది. కాలేజీ మూశారు. మా వీధిలో చాలామంది బెజవాడ వైపు వెళ్ళిపోయారు. నాన్నకు సెలవు దొరకలేదు. అందుకని మేమూ వెళ్ళిపోయినట్టు కనిపించాలని ముందు తలుపుకు బయట తాళం పెట్టించాడు. ఆయన పెరటి దారిన ఆఫీసుకు పోయేవాడు. అమ్మా నేనూ లోపల. పొద్దున తాళం వేసి చీకటి పడ్డాక తీసేది పక్కవాటా చాచా. ఆయనకు మోండా మార్కెట్లో గాజుల దుకాణం. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ.

ఒకనాడు మరిచిపోయి వీణ మీటాను. సాయంత్రం తలుపు తీస్తూ చాచా మెల్లగా అన్నాడు. "బేటీ, జెర సబర్ చెయ్యి, ఓపిక పట్టు. తాళమేసిన ఇంట్ల వీణ మోగితే నన్నడుగుతరు. దయ్యాలు వాయిస్తున్నయని చెప్పాల్నా?"

"దయ్యమైతే ఇంతకంటే మంచిగ వాయిస్తది భాయ్‌సాబ్" అంది మా అమ్మ.

అప్పటినుంచి మూగ సాధన. ఎడమచెయ్యి వీణ మెట్ల మీద పరుగెత్తేది. తీగలు మీటాల్సిన కుడిచెయ్యి తొడ మీద తాళం వేసేది, అదీ చప్పుడు కాకుండా. తలుపుకొక తాళం, తొడకొక తాళం. కిటికీలు కూడా మూసేసిన ఆ గదిలో పగలంతా ఉక్కపోత. చెమటకు వేళ్ళు జారేవి గానీ స్వరం జారిందో లేదో తెలిసే దారి లేదు. వినపడదు కాబట్టి అద్భుతంగా వాయిస్తున్నాననే అనుకునేదాన్ని.

సెప్టెంబరులో మిలిటరీ వచ్చి రజాకార్లను తరిమింది. మా తలుపు తెరుచుకుంది. వారం తిరక్కుండానే భయం గోడ దాటి, ముస్లింలైన చాచా వాళ్ళింటికి పోయింది. ఇప్పుడు అదే తాళం నాన్న వాళ్ళ తలుపుకు వేసి, అడిగినవాళ్ళకు బంధువుల ఊరికి పోయారని చెప్పేవాడు. నేనింక వాయించుకోవచ్చు కదా అన్నాను. వీణ వినబడితే ఇరుగుపొరుగు మా అరుగు మీద చేరతారనీ, చాచీకి ఉబ్బసం, ఆమె దగ్గు గోడ ఇవతలికి స్పష్టంగా వినిపిస్తుందనీ నాన్న చెప్పాడు. నిజమే. రాత్రీ పగలూ ఆమె దగ్గు నాకూ వినిపిస్తూనే ఉంది. మళ్ళీ మూగ సాధనే.

కాలేజీ తెరవగానే పరీక్ష. పరీక్షకురాలు మదరాసు నుంచి వచ్చిన పెద్దావిడ. వాయించమంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఎడమచేతి వేళ్ళు ఎక్కడా తడబడలేదు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణంలో ఉండగా ఆవిడ గొంతు సవరించుకుంది.

"మీటవేం అమ్మా?"

చూసుకున్నాను. కుడిచెయ్యి తొడ మీద ఉంది. గబగబా తీగ మీటాను. ఖంగుమని మోగింది. ఉలిక్కిపడి తలుపు వైపు చూశాను. మళ్ళీ మీటాను, మళ్ళీ తలుపే చూశాను. మూడోసారి కుడిచెయ్యి తీగ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ కోప్పడలేదు. వేసవిలో ఇంకోసారి పరీక్ష పెడతామనీ, అప్పటిదాకా గట్టిగా సాధన చెయ్యమనీ చెప్పి పంపింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నాన్న ఎకనామిక్స్ మాట ఎత్తలేదు. గోడ అవతల చాచీ దగ్గుతోంది.

"వేసవి దాకా టైముంది గద బిడ్డా" అన్నాడు. "ఇంకొన్ని దినాలు మెల్లగ వాయించు."

సరేనన్నాను. మెల్లగా వాయించడం నాకు రాదని, వాయించకపోవడమే వచ్చని ఆయనతో అనలేదు. కిటికీ మూసి వీణ ముందు కూచున్నాను.