‘నేనే మానేసినా’ అన్న పెంచలయ్య

2022 శీతాకాలం. కృష్ణపట్నం వైపు నేను స్ట్రింగర్‌గా ఉన్నాను. అంటే నెల జీతం లేకుండా, పంపిన వార్తను బట్టి డబ్బు తీసుకునే విలేకరిని. ఆ రోజుల్లో పొద్దున్నే సముద్రం మీద మంచు దిగేది. లంగరు వేసిన ఓడలు నీళ్ల మీద కాక గాలిలో నిలబడినట్టుండేవి. రేవుకు వెళ్లే కంపెనీ బస్సులు ఆ తెలుపులోంచి వచ్చి మళ్లీ ఆ తెలుపులోకే కరిగిపోయేవి.

కార్మిక బీమా ఉండి పని పోయినవారికి కొద్ది నెలలు ఇచ్చే నిరుద్యోగ భృతి పథకం గడువును ప్రభుత్వం పొడిగించింది. మా వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు, అది అందుకోబోయే మనిషి కథ ఒకటి పంపమన్నారు. అలా పెంచలయ్య ఇంటికి వెళ్లాను. రేవులో కాంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి క్రేన్లకు గ్రీజు పెట్టిన మనిషి. గ్యాసు అయిపోయి, పెరట్లో కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

“ఈ భృతి నీకొస్తాదన్నా. అడిగినావా?”

“నేనే మానేసినా గదన్నా. మానుకున్నోడికి ఇయ్యరంట.”

“పని తగ్గి నిన్ను ఆపేసినామని కాంట్రాక్టరే చెప్పినాడే!”

అతను వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. “తీసేసినారంటే ఊళ్లో ఏమంటారో తెలవదా? ఏం ఎత్తుకొచ్చినాడో అంటారు. అందుకని మానేసినా అని చెప్పుకున్నా. ఇప్పుడు మాట ఎట్టా మార్చేది?”

అయినా ఇల్లు గడవాలి కదా, ఆ వారమే అతను భృతి అడగడానికి నెల్లూరు బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. కిటికీ అవతల రొయ్యల చెరువుల్లో నీటి చక్రాలు నిద్రలో తిరుగుతున్నట్టు నురుగు చిమ్ముతున్నాయి. పెంచలయ్య దారంతా జవాబు వల్లె వేసుకుంటున్నట్టు పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

బీమా కార్యాలయం కౌంటరులో ఉన్న ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

“నువ్వు మానేసినావా, వాళ్లు తీసేసినారా?”

వెనక వరసలో పక్కూరి శీనయ్య ఉన్నాడు. పెంచలయ్య కౌంటరుకు ఇంకా దగ్గరగా జరిగాడు.

“చెప్పు నాయనా. నువ్వే మానేసుంటే రాదు.”

“పని తగ్గింది మేడమ్...”

“తగ్గితే? తీసేసినారా?”

“తీసేసినారు!” హాలంతా వినపడింది. అతను భుజాలు ముడుచుకుని వెనక్కి చూశాడు.

శీనయ్య గడ్డం గోక్కున్నాడు. “నన్నూ తీసేసినార్లే పెంచలన్నా. మా ఇంట్లో చెప్పమాక, నేనే మానేసినా అని కోతలు కోసున్నా.”

వరసంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వి ఆధార్ అడిగింది.

తిరుగు బస్సులో చీకటి పడుతుండగా, దూరాన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, పెంచలయ్య అన్నాడు: “పేపర్లో నా పేరే రాయన్నా. తీసేసినారనే రాయి. శీనయ్య పేరు మాత్రం ఒద్దు.” ఇక్కడ కూడా శీనయ్య అన్నది మార్చిన పేరే.

భృతి అతని ఖాతాలో పడింది. గడువు పెరిగిందని రాయడానికి నాకు నాలుగు వాక్యాలు చాలు. కానీ ఇప్పుడు ఏ పథకం గురించి రాయాలన్నా ముందు వెళ్లి ఆ వరసలో నిలబడతాను. కౌంటరులో ఏం అడుగుతున్నారో, జవాబు చెప్పే మనిషి వెనక ఎవరెవరు వింటున్నారో చూశాకే పెన్ను తీస్తాను.