గొడుగు ప్రశ్న

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను నరసరావుపేటలో వైకల్య నిర్ధారణ శిబిరానికి క్లినికల్ సైకాలజిస్టుగా వేశారు. పిల్లల తెలివిని పరీక్షించి రిపోర్టు రాయడం నా పని. దాని మీద బోర్డు డాక్టరు సంతకం పడితే సర్టిఫికెట్టు వస్తుంది. అది వచ్చాక బడిలో ఆ పిల్లను చూసే చూపే మారిపోతుంది.

గురజాల వైపు నుంచి నాగమణి అనే తొమ్మిదేళ్ళ పిల్లను నాయనమ్మ తీసుకొచ్చింది. మందబుద్ధి, ప్రత్యేక బడికి పంపాలి అని బడివాళ్ళు చీటీ రాసిచ్చారు. గొడుగు ఎందుకు? ఆవు ఏమిస్తుంది? అని అడిగాను. ఇలాంటివే మరో రెండు కూడా అడిగాను. పిల్ల నోరు విప్పలేదు. జవాబు లేకపోతే తప్పు కిందే లెక్క. వరుసగా నాలుగు తప్పితే ఆ భాగం ఆపేయాలన్నది నియమం. ఆపేశాను. తర్వాత రంగుల దిమ్మెలిచ్చి నమూనా చూపించాను. సగం సమయం గడవకముందే పేర్చేసింది!

మాట, జ్ఞాపకం, లెక్క, బొమ్మలు పేర్చడం సాధారణంగా కలిసే ఎదుగుతాయి. అన్నిటి వెనకా ఒకే శక్తి ఉందని కొందరంటారు. కాదు, ఒకదానికొకటి ఊతమిస్తూ పెరుగుతాయని మరికొందరు. ఏది నిజమైనా, ఒకే పిల్లలో ఇంత తేడా అరుదు. వస్తే ముందు పరీక్షనే అనుమానించాలి.

వరండా నిండా జనం. సగటు వేసి పంపండి మేడమ్, ఆలోచించేదేముంది అని డాక్టరు రెండుసార్లు కబురంపారు. సగటు వేస్తే పిల్ల మందబుద్ధి లెక్కలోకే పోతుంది. నాకు ఒళ్ళు మండింది.

పిల్లకు సరిగ్గా వినపడుతుందా అని అడిగాను.

"చెవులు బాగానే ఉన్నాయన్నారమ్మా. ఇంట్లో వసపిట్ట. ఇక్కడేందో నోరు కుట్టేసుకుంది" అంది నాయనమ్మ.

ప్రశ్నల పుస్తకం మూసి, నాకు నిజంగా తెలియనిది అడిగాను. మిరపకాయలు కల్లంలో ఎన్నాళ్ళు ఎండాలి? పిల్ల గడగడా మొదలుపెట్టింది. మంచుకు పట్టా ఎప్పుడు కప్పాలో, రంగు పోయిన తాలుకాయ ఎట్లా ఏరాలో కూడా చెప్పింది.

మరి గొడుగు సంగతి ఎందుకు చెప్పలేదన్నాను.

"నీకు తెలీదా ఏంది? తెలిసీ అడిగితే తిట్టటానికే గదా!"

నాయనమ్మ తల దించుకుంది. "మా ఇంట్లో అంతేనమ్మా. తెలిసిన సంగతి అడిగామంటే తిట్టటానికే" అంది.

నిర్ధారణ వాయిదా అని రాశాను. డాక్టరు విసుక్కున్నారు. కొన్ని నెలల తర్వాత, జవాబులు నాకు తెలుసు, నీకు తెలుసో లేదో చూస్తానని ముందే చెప్పి, వేరే ప్రశ్నలతో మళ్ళీ పరీక్షించాను. అన్ని భాగాల్లోనూ మార్కులు దగ్గరదగ్గరగా, వయసుకు తగ్గట్టే వచ్చాయి. నాగమణి తన బడిలోనే ఉండిపోయింది.

సగటు కట్టేముందు మార్కుల మధ్య దూరం చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. అంతకుముందు నా ఎదుటి కుర్చీలో మౌనంగా కూర్చున్న పిల్లలందరి దగ్గరా, నియమం ప్రకారం, నాలుగో తప్పుకే ఆపేశాను. వాళ్ళలో ఎవరినీ మిరపకాయల గురించి అడగలేదు.