మోత మామయ్య ల్యాప్‌టాప్ కొన్న వైనం

మోత చేయని వస్తువంటే మామయ్యకు నమ్మకం లేదు. ఫ్యాను టకటకలాడితేనే గాలి వస్తున్నట్టు లెక్క. తలుపు కిర్రుమనకపోతే అది తలుపే కాదు. వంటింటి తలుపు బందులకు నూనె వేద్దామని పక్కింటాయన పాపం మంచికే వస్తే, చేతిలో డబ్బా లాక్కుని మరీ వెనక్కి పంపాడు. వీధి వీధంతా ఆయన్ని మోత మామయ్య అంటుంది. ఆయన దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు.

ఆ ఇంటి మోతలన్నిటికీ మహారాజు ఆయన డెస్క్‌టాప్. మామయ్య చేసేది ఇళ్లకు ప్లాన్లు గీసే పని. ముందుగదిలో, వంటింటి గోడకు ఆనుకుని టేబులు. దాని కింద కంప్యూటర్ డబ్బా పిండిమరలా హోరుమంటూ ఉండేది. ఫోన్ చేసినవాళ్లు "రైల్లో ఉన్నారా? మళ్లీ చేస్తాంలెండి" అని పెట్టేసేవాళ్లు. "టేబులు కిటికీ దగ్గర వేసుకోవచ్చు కదా, వెలుతురొస్తుంది" అంటే వినడు. "ఆ డబ్బాలో ఫ్యానన్నా మార్పించు" అంటే "బంగారంలాంటి ఫ్యాను, దానికేమొచ్చింది?" అంటాడు.

ఏమొచ్చిందంటే, పోయేకాలం వచ్చింది. డబ్బా ఉన్నట్టుండి ఆగిపోయి, గీసిన గోడలు గీసినట్టే మాయమైపోతున్నాయి. ఒక బిల్డరు వంటింటి ప్లాను ఎప్పుడిస్తారని అడిగి అడిగి విసిగిపోయాడు. "ఎల్లుండికల్లా ప్లాను రాకపోతే వేరే ఆయన్ని చూసుకుంటానండీ" అని తేల్చేశాడు. మామయ్యకు వచ్చే పనిలో సగం ఆ బిల్డరు దగ్గర్నుంచే. ఇక తప్పక, కంప్యూటర్లు తెలిసిన మేనకోడలికి కబురు పెట్టాడు. ఆమె సెలవు పెట్టుకుని వచ్చి, డబ్బాను చూసి, "దీన్ని ఇక వదిలెయ్ మామయ్యా. ల్యాప్‌టాప్ కొందాం పద" అంది.

మొదటి దుకాణంలో అమ్మే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. "మెమరీ ఎంత ఉండాలి సార్?"

"అవన్నీ మా అమ్మాయి చూసుకుంటుంది. చప్పుడెంత చేస్తుంది?"

"అస్సలు చేయదు సార్!" అన్నాడతను గర్వంగా.

"అయితే వద్దు."

అతను కంగారుపడి ఇంకోటి తెచ్చాడు. "ఇది చూడండి సార్. ఇందులో అసలు ఫ్యానే ఉండదు!"

మామయ్య దాని వంక జాలిగా చూశాడు. "ఫ్యాను లేకపోతే దానికి ఊపిరెలా ఆడుతుందయ్యా?"

రెండో దుకాణంలో వరసగా ఒక్కొక్కదానికీ చెవి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు కళ్లు మూసుకుని విన్నాడు. "నోట్లో నాలుక లేదు దీనికి" అని ఒకదాన్ని, "గొణుగుతోంది, గొంతు లేదు" అని ఇంకోదాన్ని తోసేశాడు. వచ్చినవాళ్లు కొనడం మానేసి ఈయన్ని చూడటం మొదలుపెట్టారు. మేనకోడలికి తల కొట్టేసినట్టయింది.

మూడో దుకాణంలో ఒక మూల నుంచి హోరు వినపడింది. ఎవరో యుద్ధం ఆట ఆడి చూస్తున్నారు. ఆ ల్యాప్‌టాప్ రొప్పుతోంది. మామయ్య ముఖం వెలిగిపోయింది.

"అదీ యంత్రమంటే!"

"అది ఆటలాడేవాళ్లది మామయ్యా. మోయలేవు, కరెంటు తాగేస్తుంది. నీ గోడలకీ గుమ్మాలకీ అదెందుకు? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం!"

"పిచ్చుక నాది, అస్త్రం నాది. నీకేమిటే నొప్పి?"

కొనేశారు. ఆ ఆట కూడా అందులోనే వేసిచ్చారు. ఇంటికొచ్చి మేనకోడలు ప్లాన్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి తెరిచింది. మామయ్య ఒక గోడ గీశాడు. చెవి పెట్టాడు. చప్పుడు లేదు.

"చచ్చిపోయిందేమిటే?"

"లక్షణంగా పనిచేస్తోంది. నీ వంటిల్లు దీనికొక పనే కాదు. వేడెక్కితేగా ఫ్యాను తిరిగేది!"

మామయ్య కూలబడిపోయాడు. ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లో అత్తయ్య గిన్నె కూడా మెల్లగా పెడుతోంది. సాయంత్రమైనా తెర మీద రెండో గోడ లేవలేదు.

"బిల్డరు రేపటిదాకానే ఆగుతాడు మామయ్యా! గీయవేం?"

"బుర్ర కదలడం లేదే" అన్నాడు మామయ్య దిగాలుగా.

మర్నాడు ఏమైందోనని భయపడుతూ మేనకోడలు వచ్చేసరికి వీధి గుమ్మం దాకా హోరు! లోపల మామయ్య చెయ్యి చకచకా ఆడుతోంది. ప్లాను దాదాపు అయిపోయింది. తెర మూల మాత్రం చిన్న గడిలో ఒక సైనికుడు చేతులు కట్టుకుని నిలబడి, తుపాకీ దెబ్బలు తిని పడిపోతూ, మళ్లీ లేస్తూ ఉన్నాడు. ఆట చప్పుడు కట్టేసి ఉంది. రొదంతా ఫ్యానుదే.

"యుద్ధం పెట్టుకుని వంటిల్లు గీస్తున్నావా మామయ్యా?"

"ష్! నోరు మూసుకుని విను."

ఆమె చెవులు రిక్కించింది. హోరు వెనక, గోడకు అవతల నుంచి పాట. అత్తయ్య పాడుతోంది! ఇన్నేళ్లలో ఆమె పాడగా మేనకోడలు ఒక్కసారీ వినలేదు.

"పెళ్లైన కొత్తలో పాడబోతే చుట్టాల్లో ఎవరో నవ్వారు. అప్పట్నుంచీ మనిషి చెవిన పడుతుందంటే దానికి గొంతు పెగలదు" అన్నాడు మామయ్య గుసగుసగా. "ఇది మోగుతుంటే నాకేం వినపడదని ధైర్యం."

"మరి ఆ కిర్రు తలుపు?"

"ఎవరైనా వస్తుంటే ముందే తెలియొద్దూ? ఆపేసుకుంటుంది."

మేనకోడలికి కళ్లు చెమర్చినంత పనైంది, అంతలో ఆ సైనికుడు మళ్లీ పడిపోవడంతో నవ్వొచ్చేసింది. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లింది. తలుపు కిర్రుమంది. పాట ఆగింది. అత్తయ్య గరిటె పట్టుకుని మహా హడావుడిగా ఉంది.

"కొత్తది కూడా బాగానే మోగుతోంది కదూ?" అంది అత్తయ్య.

"అబ్బో! ముందుగదిలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

అత్తయ్య ఆమె వంక చూసి నవ్వింది. "నాకా చెబుతావు? నేను చరణం మర్చిపోతే గోడకు అటు మౌసు టకటకలు ఆగిపోతాయి. గుర్తొచ్చి అందుకుంటే మళ్లీ మొదలవుతాయి. ఆయన వినకపోతే నేనెవరికోసం పాడతానే?"

"తెలిసీ మరి..."

"ఎదురుగా కూర్చుంటే మాత్రం నావల్ల కాదమ్మా. ఆ మోత ఉండాల్సిందే. ఆయనతో అనకేం, సిగ్గుపడతాడు."

మేనకోడలు నీళ్లు తాగడం మర్చిపోయి ముందుగదిలోకి వచ్చింది. మామయ్యను కాస్త పక్కకు జరగమని, ఆట సెట్టింగుల్లో పెంచగలిగినవన్నీ పెంచేసింది. ఫ్యాను ఇల్లు అదిరేలా అందుకుంది. గోడకు అవతల ఇంకో పాట మొదలైంది.